ఈకలమ్మకు రాని పని

ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరికీ పేర్లు లేకపోలేదు. పిల్లల పుస్తకాలు అచ్చువేసే ఆఫీసులో మాత్రం ఎవరూ వాటిని వాడేవాళ్లు కాదు. పెద్దామె ఈకలమ్మ, చిన్నామె జూలమ్మ. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడి నోట్లో చక్కెర పోయాలి. ఎందుకంటే రెక్కలున్న జంతువు ఏది వచ్చినా దాని ఈకలు పెద్దామె గీసేది, ఒంటి మీద బొచ్చూ మెడ మీద జూలూ చిన్నామె గీసేది. పుస్తకం అట్ట మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే పడేవి.

వాళ్లు చేసేది లోకంలో లేని జంతువులకు ఒళ్లు తొడిగే పని. కథ రాసేవాడికేం, "సింహం ఒంటికి గుడ్లగూబ మొహం" అని ఒక్క ముక్క రాసిపారేసి టీ తాగడానికి పోతాడు. ఆ మొహం ఆ ఒంటి మీద ఎలా నిలబడాలో, ఈకలు ఎక్కడ ఆగాలో, వెంట్రుకలు ఎక్కడ మొదలవ్వాలో తలపట్టుకోవాల్సింది బొమ్మలు వేసేవాళ్లు. లేనిదాన్నే కదా గీస్తున్నాం, ఎలా గీస్తే ఏంలే అనేవాళ్లున్నారు. వాళ్ల మాట పట్టించుకోకండి. పిల్లిని కాస్త వంకరగా గీసినా చూసే పిల్ల సర్దుకుంటుంది, ఇంట్లోనో వీధిలోనో పిల్లిని చూసే ఉంటుంది గనుక. లేని జంతువుని వంకరగా గీస్తే అది ఆ పిల్లకు పుట్టనే పుట్టదు.

మేడ మీద ఒక్కటే పెద్ద గది. కిటికీ దగ్గర రెండు బల్లలు, ఒకదానికొకటి మూల కలిసేలా వేసి ఉండేవి. మొదట కాగితం అక్క బల్ల మీద పడేది. ఆమె జంతువు ఆకారం లేతగా గీసుకుని, రెక్కలు మొదలుపెట్టేది. తోకవైపు నుంచి తలవైపుకు, ఇంటి మీద పెంకులు పరుచుకుంటూ వచ్చినట్టు, వరస మీద వరస. ముందు ఈక మధ్యలో ఈనె, దాన్నుంచి రెండు పక్కలా ఏటవాలు గీతలు, అక్కడక్కడా గాలికి విడిపోయిన చీలిక. పై ఈక నీడ కింది ఈక మీద పడాలి. అన్ని ఈకలూ గీయకూడదు. ఎండపడే చోట నాలుగు గీసి వదిలేస్తే మిగతావి చూసేవాడి కన్నే గీసుకుంటుంది. ఈకకు ఈక, తోకకు తోక పీకుతూ కూర్చుంటే పక్షి కాస్తా విసనకర్ర అవుతుందని ఆమె అంటూ ఉండేది.

మెడ దిగి భుజం దగ్గరికి వచ్చేసరికి ఈకలు సన్నబడాలి, అంచులు విడిపోయి నూగులా మారాలి. ఆ చోటుకి వాళ్లిద్దరూ పెట్టుకున్న పేరు పొలిమేర. పొలిమేర దాకా అక్కది, అక్కణ్నుంచి చెల్లిది. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నట్టు వాళ్లు ఆ బెత్తెడు జాగా దగ్గర కొట్టుకునేవాళ్లు. రెక్కల నక్క ఏదైనా వస్తే మరీను.

"మళ్లీ నా భుజం మీదికి వచ్చేశావు, అక్కా. ఈ ఈకల్ని నేనెక్కడ కలుపుకోను?"

"నీ భుజం ఏంటే, నక్కది."

"నక్కదే. ఈకలు నీవి, నక్క నాది. వెనక్కి తీస్తావా, రబ్బరు పెట్టమంటావా?"

అక్క గొణుక్కుంటూ వెనక్కి తీసేది. అలా తగాదాపడిన రోజున బొమ్మ బాగా వచ్చేది. మాట్లాడుకోకుండా గీసిన రోజున నక్క మెడకి ఎవరో శాలువా కప్పినట్టుండేది.

చిన్నామె పని వేరు. ముందు జంతువు ఒంటి నిండా చిన్నచిన్న బాణం గుర్తులు వేసుకునేది, బొచ్చు ఎటు పోతోందో చూపించేలా. ముక్కు దగ్గర వెనక్కి, చెంప మీద కిందికి, భుజం మీద సుడి తిరిగి, కాళ్లవైపు జారి. తర్వాత మొన అరగదీసిన సూదితో కాగితాన్ని ఒత్తుతూ వెంట్రుకలు గీసేది. అప్పుడేమీ కనపడదు. ఆ పైన పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే, ఒత్తిన చోట మాత్రం నలుపు అంటక తెల్ల వెంట్రుకలు పైకి తేలేవి. వెంట్రుకను గీయకూడదు, వెంట్రుకల మధ్య చీకటిని గీయాలి అనేది ఆమె సూత్రం. పెన్సిల్ ఎప్పుడూ తనవైపుకే లాగేది, ఒంటి మీద బొచ్చు ఎటు తిరిగితే కాగితాన్ని అటు తిప్పుకుంటూ. చివర్లో ఎక్కడో ఒకచోట, ఏదో కంచెకు ఒళ్లు రాసుకు వచ్చినట్టు, ఒక కుచ్చు ఎదురు తిప్పి వదిలేది. దువ్వి పంపడానికి అది పెళ్లికూతురు కాదుగా అనేది.

ఇంతకీ ఈ పంపకం ఎలా మొదలైందో చెప్పాలి. దాని సంగతి పెద్దామెకొక్కదానికే తెలుసు.

వాళ్ల నాన్న షాపుల బోర్డులు రాసే పెయింటరు. మంచివాడే గానీ, ఆయనకు ఒకేసారి ఇద్దరిని మెచ్చుకోవడం చేతకాదు. పిల్లలిద్దరూ బొమ్మలు గీసి తెస్తే పెద్దదాని బొమ్మను గోడకు అంటించేవాడు, చిన్నదాని తల నిమిరేవాడు. ఆ తల నిమరడం ఉందే, దానికంటే రెండు దెబ్బలు వేసినా నయం. చిన్నది ఒకరోజు తన పెన్సిళ్లన్నీ తెచ్చి అక్క డబ్బాలో పడేసింది. "నాకొద్దు. నువ్వే గీసుకో" అంది. ఏడవలేదు. అప్పటిదాకా ప్రతిదానికీ రాగం తీసే పిల్ల ఏడవకుండా వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంటే పెద్దదానికి భయమేసింది.

మర్నాడు పెద్దది రెక్కల కుక్క ఒకటి గీయడానికి కూర్చుంది. రెక్కలు గీసి, ఒంటి దగ్గరికొచ్చి పెన్సిల్ కింద పెట్టేసింది. "అబ్బా, ఎంత గీసినా ఈ బొచ్చు నాకు రావడం లేదే. గడ్డి మొలిచినట్టుంది. ఒకసారి చూడవూ?" అంది. అబద్ధం. చెల్లెలికంటే బాగానే వచ్చు. చిన్నది మూతి ముడుచుకునే వచ్చింది. చూసింది. "అన్నీ ఒకే పొడుగు గీస్తే గడ్డిలా కాకపోతే ఏమవుతుంది?" అని పెన్సిల్ లాక్కుంది.

ఆ సాయంత్రం నాన్న కుక్కను గోడకు అంటించి, "రెక్కలు పెద్దదానివి, ఒళ్లు చిన్నదానిది, భలే!" అన్నాడు. చిన్నదాని మొహం చూసి పెద్దది అప్పుడే నిర్ణయించుకుంది, ఇంక ఈ జన్మకు తనకు బొచ్చు రాదని.

ఆ తర్వాత చిన్నామె దాని మీద పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. వీధి కుక్కల పక్కన గంటలు గంటలు కూర్చునేది, పక్కింటి పిల్లి ఒళ్లు వెనక్కి నిమిరి రక్కించుకునేది, గొర్రె కనపడితే బస్సు దిగిపోయేది. ఆమెది దొంగ గొప్ప కాదు, కష్టపడి సంపాదించుకున్నదే. కానీ పక్క బల్ల మీద అక్క కళ్లు మూసుకుని కూర్చోలేదుగా. చూస్తూ చూస్తూ నేర్చుకుంది. ఒకసారి చెల్లెలు జ్వరంతో పడుకున్నప్పుడు, ఊరికే చూద్దామని, వేస్టు కాగితం మీద ఒక తోక గీసింది. గీసి చూసుకుంది. చెల్లెలి తోక ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే ఒక వీసం ఎక్కువే ఉంది. ముక్కలు ముక్కలుగా చింపి పొయ్యిలో పడేసి, చేతులు కడుక్కుని, చెల్లెలికి గంజి కాచింది. అప్పటి నుంచి ఎవరైనా "మీరూ బొచ్చు గీయొచ్చుగా" అని అడిగితే, "నాకా? గొర్రె గీస్తే బండరాయికి నాచు పట్టినట్టుంటుంది" అని అందరికంటే ముందు తానే నవ్వేది. చెల్లెలు ఆ నవ్వుకి మురిసిపోయేది.

అలా ఇద్దరికీ జుట్టు నెరిసింది. అక్క పెళ్లి చేసుకుంది, మొగుడు పోతే తిరిగి ఆ మేడ గదికే వచ్చింది. చెల్లెలు చేసుకోనే లేదు. ఎందుకమ్మా అంటే, "నాకు నచ్చినవాళ్లెవరికీ తోక లేదు" అనేది.

గద్దనక్క పుస్తకం సగంలో ఉండగా ఆ కష్టం వచ్చిపడింది. గద్ద తల, గద్ద రెక్కలు, నక్క ఒళ్లు, కుచ్చుతోక. కథ నిండా ప్రతి పేజీలోనూ అదే ఉంటుంది. అక్క రెక్కలన్నీ ముగించి ఇచ్చేసింది. చెల్లెలు మొదటి పేజీ మీద బాణం గుర్తులు వేస్తోంది. మధ్యాహ్నం అన్నాలైన వేళ. పెన్సిల్ కిందపడిన చప్పుడైంది. అక్క తలెత్తకుండానే, "తీసుకో, కాలికింద పడితే జారతావు" అంది. పెన్సిల్ అక్కడే దొర్లుతోంది. తిరిగి చూస్తే చెల్లెలు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తోంది. నోరు ఒక పక్కకు జారిపోతోంది.

ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట మెల్లగా వస్తుంది, కాలు కొంత వస్తుంది, చేయి సంగతి మాత్రం చెప్పలేమన్నారు. డాక్టర్లు చెప్పలేమన్నారంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఎడిటర్ ఫోన్ చేశాడు. మెత్తటి మనిషి, కాస్త నోరెక్కువ. "అమ్మా, పుస్తకం గురించి బెంగపడకండి. నక్క ఒళ్లు వేరే ఆర్టిస్టు చేత కంప్యూటర్ మీద వేయిద్దాం. అట్ట మీద మీ పేరు, ఆయన పేరు వేస్తాం. జూలమ్మగారు ముందు కోలుకోనివ్వండి" అన్నాడు.

అట్ట మీద చెల్లెలి పేరు ఉన్న చోట ఇంకొకరి పేరు. ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ ఈకలమ్మ నోట్లోంచి ఆలోచించకముందే మాట వచ్చేసింది.

"వేరేవాళ్లెందుకండీ? చెల్లి ముందే గీసేసింది. అన్నీ అయిపోయాయి. ఇంట్లో ఉన్నాయి. పంపిస్తాను."

ఇంటికొచ్చి, చెల్లెలి బల్ల దగ్గర, చెల్లెలి కుర్చీలో కూర్చుంది. కాగితాల మీద గద్దనక్కలు సగం బట్టలు తొడుక్కుని ఎదురుచూస్తున్నాయి. అరగదీసిన సూది తీసుకుంది. చెల్లెలిలాగే పెన్సిల్ తనవైపుకే లాగుతూ, కాగితం తిప్పుకుంటూ గీసింది. గొంతు కింద పొట్టి నూగు, ఛాతీ మీద తెల్లటి దట్టం, వీపు మీద పొడుగాటి ముతక వెంట్రుకలు, తోక దగ్గర కుచ్చులు కుచ్చులుగా. పొలిమేర దగ్గర తగాదాపడేవాళ్లు లేరు, అయినా ఈకలు తమంతట తామే వెనక్కి జరిగినట్టు నూగులో కలిసిపోయాయి. ప్రతి పేజీలోనూ ఒక ఎదురు కుచ్చు కూడా వదిలింది.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఆమెకు సంతోషం కలిగింది. చెల్లెలు అక్కడ మంచం మీద నోరు జారిపోయి పడి ఉంటే, ఇక్కడ చేతికింద నక్క ఒళ్లు లేస్తుంటే, ఇన్నేళ్లు కట్టేసిన చేయి విప్పినంత సంతోషం. అది తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి మొహం కడుక్కుంది. మళ్లీ వచ్చి కూర్చుంది. అన్నీ పూర్తిచేసి, కట్టకట్టి, ఆఫీసుకు పంపేసింది.

చెల్లెలు ఇంటికొచ్చింది. రావడమైతే వచ్చింది గానీ, మనిషి రాలేదు. పెట్టింది రెండు ముద్దలు తిని చాలనేది. కసరత్తు చేయించడానికి వచ్చేవాళ్లకు చేతిని వస్తువులా అప్పగించి ఎటో చూసేది. మంచం మీద నుంచి బల్ల కనపడుతుందని అటు తిరిగేది కాదు. చిన్నప్పుడు పెన్సిళ్లు డబ్బాలో పడేసి గోడవైపు తిరిగి పడుకున్న పిల్లే మళ్లీ కనపడింది పెద్దామెకు. ఇలాగే ఉంటే ఇది బతకదు అనుకుంది. డాక్టరు చెప్పక్కర్లేదు, ముంజేతి కంకణానికి అద్దమెందుకు?

ఒక పొద్దున చెల్లెలు గోడవైపు తిరిగే, ముద్దముద్దగా అడిగింది.

"ఆ నక్క... ఏమైంది?"

ఆమె అడిగిన మొదటి సంగతి అది. అక్క చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. అయిపోయింది, పంపేశాను అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"ఏమవుతుంది? నువ్వు లేకుండా ఎలా కదులుతుంది? బోడి ఒంటితో పడుంది. ఎడిటర్ ఎన్నాళ్లయినా ఆగుతానన్నాడు."

"నువ్వు గీయి" అంది చెల్లెలు.

"నేనా! నా సంగతి తెలిసే అంటున్నావా?"

"నేను... చెప్తా."

మర్నాడు ఈకలమ్మ కొత్త కాగితం మీద రెక్కలు మళ్లీ గీసి, మంచం పక్కన చెక్కపలక మీద దాన్ని పెట్టుకుని, నక్క వీపు మీద బొచ్చు గీసింది. చేతనైనంత చెడగొట్టి గీసింది. చెల్లెలు తల తిప్పి చూసింది. చూసి, చూసి, ఒక పక్కకు జారిన నోటితోనే నవ్వింది. గొంతులోంచి వచ్చిన నవ్వు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నువ్వు నక్కకే వాతలు పెట్టావు కదక్కా! ముళ్లపందిలా ఉంది" అంది, ముద్దముద్దగానే.

"నవ్వు, నవ్వు. నేర్పించమంటే నవ్వుతావే?"

"అన్నీ ఒకే పొడుగు గీస్తున్నావు. చిన్నప్పుడూ ఇంతే. గొర్రె తోక బెత్తెడే."

అలా మొదలైంది. రోజూ పొద్దున పాఠం. రాని పనిని రానట్టు చేయడం ఎవరికైనా చేతనవుతుంది. వచ్చిన పనిని రానట్టు చేయడంలో ఉంది తంటా అంతా. ఈకలమ్మ తప్పుల్ని ముందు నుంచే ఆలోచించుకుని కూర్చునేది. ఒకరోజు వెంట్రుకలన్నీ వానచినుకుల్లా ఒకే వైపు. అది దిద్దించుకున్నాక, ఇంకోరోజు నక్క చుట్టూ గట్టి గీత గీసి దానిలోపల బొచ్చు కూరడం. అది దిద్దించుకున్నాక, వెలుగు ఎటు నుంచి వస్తోందో మరిచిపోవడం. మరీ తొందరగా నేర్చుకుంటే అనుమానం, మరీ మందంగా ఉంటే చెల్లెలికి విసుగు. చేయి తనంతట తను సరిగ్గా వంపు తిరగబోతే పళ్లు బిగించి ఆపుకునేది. సాయంత్రానికి మణికట్టు నొప్పి పుట్టేది.

కానీ చెల్లెలు లేచి కూర్చుంది. దిండు ఆసరాతో మొదట, తర్వాత కుర్చీలో. తిట్టడానికి ఓపిక కావాలి కదా, అందుకని అన్నం తినడం మొదలుపెట్టింది. తిట్టీ తిట్టీ మాట కూడా తేటపడింది. అక్కకు అర్థం కావడం లేదని విసుక్కుని, ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని వంకర టింకరగా బాణం గుర్తులు వేసి చూపించింది. "భుజం దగ్గర సుడి ఉంటుంది, సుడి! నీ నెత్తి మీద లేదూ, అలాగే." చూడటానికి వచ్చిన డాక్టరు ఆమె గోడ పట్టుకుని నడవడం చూసి, "నక్క తోక తొక్కారమ్మా మీరు" అన్నాడు. అప్పుడే తోక పాఠం అయి ఉందేమో, అక్కాచెల్లెళ్లు పడిపడి నవ్వారు. డాక్టరు బిత్తరపోయి ఇద్దరి వంకా చూశాడు.

ఒకరోజు అక్క గీస్తుంటే చెల్లెలు ఎడమచేయి ఆమె వీపు మీద వేసింది.

"అక్కా, ఒకటి చెప్పనా? బొమ్మ గీయడం నీ దగ్గరే నేర్చుకున్నా. ఇల్లు నీదే, అన్నం నీదే. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఎప్పుడూ ఏమీ లేదు. ఇన్నాళ్లకు ఇదొక్కటి ఇస్తున్నా. నేను పోయినా నీ జంతువులు బోడిగా తిరగవు."

ఈకలమ్మ తల ఎత్తలేదు. కళ్లనీళ్లు కాగితం మీద పడితే పెన్సిల్ మరక లేస్తుందని పక్కకు తిరిగి తుడుచుకుంది. "పోతానంటావేంటే, నోటికి ఎంత మాట వస్తే అంత!" అని కసిరింది. ఆ క్షణాన నిజం చెప్పేద్దామా అనుకుంది. చెప్పలేకపోయింది. లేచి కూర్చున్న మనిషిని మళ్లీ ఎలా పడుకోబెడుతుంది?

పుస్తకం అచ్చవుతుందని ఆమెకు తెలుసు. ఆఫీసుకు ఫోన్ చేసి, "కాపీలు ఇంటికి పంపకండి, నేనే వచ్చి తీసుకుంటాను" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత ఏం చేయాలో ఆలోచించలేదు. ఏదో ఒకటి చెబుదాంలే అనుకుంది.

ఎడిటర్‌కు ప్రేమ ఎక్కువ. అంతమంది చేతుల మీదుగా ఎందుకు, జూలమ్మ చేతిలో తానే పెడితే సంతోషిస్తుంది కదా అనుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటే ఏం చెబుతాం. ఈకలమ్మ కాగితాలు కొనడానికి బజారుకు వెళ్లిన వేళకే అతను మెట్లెక్కాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి గుమ్మంలో అతని చెప్పులు కనపడ్డాయి. లోపలి నుంచి గొంతు వినిపిస్తోంది.

"...అబద్ధం చెప్పడం లేదు జూలమ్మగారూ. ఇన్నేళ్లలో మీ చేతి నుంచి వచ్చిన వాటన్నిట్లోకీ ఇదే గొప్పది. ఆఫీసులో అందరూ అదే అన్నారు. ఆ పట్టు, ఆ మెత్తదనం, ముట్టుకుంటే వేలికి తగిలేట్టు ఉంది. పడిపోక ముందే ఇంత పని ఎలా ముగించారో! అక్కగారు ఆసుపత్రి నుంచే చెప్పారు, అన్నీ అయిపోయాయని. పంపేశారు కూడా."

చెల్లెలు కుర్చీలో ఉంది. ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. ఎడమచేయి వేలితో గద్దనక్క వీపు మీద, బొచ్చు పోయే వైపుకే, మెల్లగా రాస్తోంది. గుమ్మంలో అక్కను చూసింది. మళ్లీ పేజీ చూసింది.

"అవునండీ. చాలా బాగా వచ్చింది" అంది ఎడిటర్‌తో. "థాంక్సండీ."

అతను టీ తాగి, ఇంకో నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోయాడు. అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలోకి పోయింది.

"ఎప్పటి నుంచి వచ్చు?" అంది చెల్లెలు.

"ఏదో, నువ్వు పడిపోయావు కదా, కంగారులో చేయి అలా..."

"అక్కా. ఒక్కరోజులో వచ్చే బొచ్చు కాదిది. నాకు తెలియదా?"

ఈకలమ్మ కాగితాల చుట్ట పట్టుకునే నేల మీద కూలబడింది. "నీకొకసారి జ్వరం వచ్చినప్పుడు గీసి చూశాను" అంది.

"అంతకు ముందు?"

ఈకలమ్మ కాగితాల చుట్ట విప్పి మళ్లీ చుట్టింది.

"ఆ రెక్కల కుక్కప్పుడు? నాన్న గోడకు అంటించినప్పుడు?"

"నువ్వు పెన్సిళ్లు పడేశావు కదే. గోడవైపు తిరిగి పడుకున్నావు. నేనేం చేయను?"

చెల్లెలు పుస్తకం మూసింది. ఒక చేత్తో మూయడం వల్ల అది జారింది, పట్టుకుంది.

"అంటే నా అవసరం ఎప్పుడూ లేదన్నమాట" అంది.

"నువ్వు లేకపోతే నేను గీసేదాన్నే కాదు! నేను గీసింది మాత్రం ఎవరిది? నీ చేయి చూసి, నీ పక్కన కూర్చుని నేర్చుకున్నదే కదే. ఆ నక్క నీదే. నాకు నువ్వు కావాలి కాబట్టే కదా ఇదంతా!" ఈకలమ్మ ఏడుస్తూ చెల్లెలి మోకాళ్లు పట్టుకుంది.

"నేను కావాలని నాకు తెలుసక్కా. అది వేరు." చెల్లెలు కోప్పడలేదు. అక్క తల మీద చేయి వేసి నిమిరింది.

మర్నాడు పొద్దున ఈకలమ్మ మామూలుగానే పలక తెచ్చుకుని కూర్చుంది. తిట్టినా బాగుండు, పలక విసిరికొట్టినా బాగుండు అనుకుంది. ఏం గీయాలో తెలియక ఒక ఎలుగు భుజం గీసింది. దాచుకోకుండా, వచ్చినంతా గీసింది. చెల్లెలు చూసి, "బాగుంది" అంది. ఆ మర్నాడు ఒక చెవి గీసింది. "బాగుంది" అంది. చెల్లెలు గోడవైపు తిరగలేదు. అన్నం మానలేదు. కసరత్తు చేసింది, మందులు వేసుకుంది, వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడింది. ఒక్క వెంట్రుక వంకరగా ఉంటే ఊరుకోని మనిషి, ఈక బెత్తెడు ముందుకు వస్తే యుద్ధం చేసే మనిషి, చుట్టం ఇంటికి వచ్చి భోజనం మెచ్చుకున్నట్టు ప్రతిదాన్నీ మెచ్చుకుంది. ఎడమచేత్తో మాత్రం మళ్లీ పెన్సిల్ పట్టలేదు.

తర్వాత వచ్చిన పుస్తకాల అట్టల మీద కూడా ఇద్దరి పేర్లూ వేయమని ఈకలమ్మ పట్టుబట్టింది, వేశారు. చెల్లెలు వద్దనలేదు. చూసి, పక్కన పెట్టింది.

చలి మొదలయ్యే రోజుల్లో ఈకలమ్మ ఒక రెక్కల తోడేలు గీసింది. వెంట్రుకలన్నీ తోక నుంచి తలవైపుకు, పూర్తిగా ఎదురు తిప్పి గీసింది. బొమ్మలు రాని పిల్ల కూడా చేయని తప్పు. భుజం మీద సుడి లేదు, వెలుగు లేదు, ఈకలు పొలిమేర దాటి నడుం దాకా వచ్చేశాయి. తీసుకెళ్లి చెల్లెలి ఒళ్లో పెట్టి, ఎదురుగా నిలబడింది. తిట్టవే, ఒక్కసారి తిట్టవే అని లోపల వేయి దండాలు పెట్టుకుంటూ నిలబడింది.

చెల్లెలు కాగితం వెలుతురుకు తిప్పుకుని చాలాసేపు చూసింది. ఆమె చూపు భుజం దగ్గర ఆగింది, తప్పు పట్టుకుంది, తోక దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. తర్వాత కాగితం చివర నలగకుండా జాగ్రత్తగా అక్క చేతికి తిరిగి ఇచ్చింది.

"బాగుందక్కా" అంది.